సున్నపురాతిలో వేరు తన్నిన ద్రాక్షావల్లి



ద్రాక్షావల్లిని గూర్చి మేము దాదాపు ఇరవై ఏండ్లుగా ప్రసంగిస్తున్నాము. యోహాను సువార్త పదిహేనవ అధ్యాయము తీసి, తీగెలను గూర్చి, వాటిని కత్తిరించు వ్యవసాయకుని గూర్చి ఎన్ని ఆదివారములు మాట్లాడామో లెక్కలేదు. కాని ప్రియులారా, ఒక ముసలి ద్రాక్షచెట్టు ప్రక్కన నిలువబడి, దాని మొదలు చేతితో తడిమి చూచినది మాత్రము 2023 సెప్టెంబరు చివరి వారములోనే. చూచి వచ్చిన తరువాత మా ప్రసంగాల నోటుపుస్తకములో కొన్ని పేజీలు కొట్టివేయవలసి వచ్చింది. ఆ సంగతే వ్రాస్తున్నాము.

మనవైపు ద్రాక్ష అంటే పందిరి. మేము వేదాంత డిప్లొమా చదువుకొను రోజులలో హైదరాబాదు శివార్లలో ఇంకా కొన్ని ద్రాక్షతోటలు మిగిలి ఉండేవి. రాతి స్తంభాలు, వాటిమీద తీగెల అల్లిక, వంగి నడిచినా నెత్తికి తగిలే అనాబ్-ఎ-షాహి గుత్తులు. ఆ నేలలో ఎక్కువ భాగము ఇప్పుడు ఇళ్ల స్థలాలైపోయింది. నీళ్లు కట్టాలి, ఎరువు వేయాలి, గుత్తులు ఎంత ఎక్కువ దిగితే రైతుకు అంత సంతోషము. పుల్పిటు మీద నుండి కూడ అదే చెప్పేవారము.

ఫ్రాన్సు దేశానికి వెళ్లే యోగము మాకు ఎలా కలిగిందంటే, మా సంఘస్థుల కుమారుడొకడు తులూజ్ పట్టణములో విమానాలు తయారుచేసే చోట ఇంజనీరు. మా చేతులమీదుగా బాప్తిస్మము పొందిన పిల్లవాడు. తన మొదటి బిడ్డను ప్రభువు సన్నిధిలో ప్రతిష్ఠించుటకు మీరే రావాలని పట్టుబట్టి, మా ఇద్దరికీ టిక్కెట్లు పంపాడు. ఆ కార్యక్రమము అయిపోయాక రెండు దినములు మిగిలాయి. "ఎక్కడికి తీసుకెళ్లమంటారు అయ్యగారూ?" అని అడిగాడు. మేము ఇంకా ఆలోచిస్తుండగానే మా శ్రీమతి, "ద్రాక్షతోట చూపించు నాయనా" అన్నది.

ఆమె ఎందుకు అడిగినదో మాకు తెలుసు. ప్రతి నెల మొదటి శనివారము రాత్రి ఎండుద్రాక్షలు కడిగి, నానబెట్టి, మరుసటి తెల్లవారుజామున పిసికి, పలుచని గుడ్డలో వడగట్టి ప్రభురాత్రి భోజన సంస్కారమునకు రసము సిద్ధము చేసేది ఆమే. పులియని రసమే వాడాలన్నది మా సంఘపు పద్ధతి. ఈ పద్ధతి అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యునితో బలపడింది. 1869లో ఆయన ద్రాక్షరసమును వేడిచేసి, పులియకుండ సీసాలలో నిలువ చేసే మార్గము కనుగొన్నాడు. ఆ సంగతి చదువుకొన్నప్పుడు మాకు ఎంతో ఊరట కలిగింది.

మాకు ఊరట ఎందుకో దాచకుండా చెప్పాలి. మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. మా నాయన సారా త్రాగి చనిపోయాడు. పగలంతా చేసిన కూలి సాయంకాలానికి పాకెట్లైపోయేది. అమ్మ కాలి మట్టెలు కూడ కుదువకు పోయాయి. 1992లో దూబగుంట స్త్రీలు ఎత్తుకొన్న సారా వ్యతిరేక ఉద్యమము మా ఊరికి వచ్చినప్పుడు, చీపుళ్లు, కారంపొడి పట్టుకొని అంగడి ముందు కూర్చున్న ఆడవాళ్లలో అమ్మ ముందు వరుసలో ఉంది. మాకప్పుడు పదేండ్లు. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆపుచేశారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చింది, 1997లో సడలిపోయింది. మా నాయన వీటిలో ఏదీ చూడకుండానే వెళ్లిపోయాడు. కాబట్టి ద్రాక్షామద్యము కొరకే బ్రతికే ఊరికి బయలుదేరుతుంటే మా కాళ్లు బరువుగానే ఉన్నాయి.

తులూజ్ నుండి బోర్డో పట్టణానికి రైలులో రెండు గంటలకు పైన. అక్కడ చిన్న రైలు మారితే ముప్పావు గంటలోపలే సెంతెమిలియోన్ అనే ఊరు. స్టేషను పల్లములో ఉంది, ఊరు కొండమీద. మధ్యలో మైలు దూరము నడక. రోడ్డుకు రెండు వైపులా ద్రాక్షతోటలే. పందిరి ఎక్కడా లేదు! నడుము ఎత్తు చెట్లు, తీగెలకు ఆధారముగా కట్టిన వైర్లు, పాపిడి తీసినట్లు వరుసలు. కొన్నింటి మొదళ్లు మా తొడంత లావుగా మెలితిరిగి, నల్లగా బెరడు లేచి, పాత చింతకొమ్మల్లాగ ఉన్నాయి. ఆ మొదలుకు పైన కొద్దిపాటి ఆకు, క్రింద అయిదారు గుత్తులు. "ఇంతేనా కాపు?" అన్నది మా శ్రీమతి.

ఊరు చూస్తే అంతా ఒకే రంగు. గోడలు, మెట్లు, గోపురము అన్నీ వెన్నరంగు సున్నపురాయే. ఆ రాయిని ఊరి క్రింద నుండే తీశారు. కొన్ని వందల ఏండ్లు తవ్వి తీసినందున ఊరి క్రింద, తోటల క్రింద మైళ్ల కొద్దీ సొరంగాలు ఏర్పడ్డాయి. బోర్డో నగరములోని పాత మేడలు అనేకము ఈ ప్రాంతపు రాతితో కట్టినవే. తవ్విన ఖాళీలను ఊరివారు వ్యర్థము చేయలేదు. ఎండాకాలమైనా చలికాలమైనా లోపల పన్నెండు పదమూడు డిగ్రీల చల్లదనము మారదు గనుక సీసాలు, పీపాలు అక్కడ పెట్టుకొన్నారు.

దేవాలయము కూడ ఆ రాతిలోనే ఉంది. ఎనిమిదవ శతాబ్దములో బ్రిటనీ ప్రాంతము నుండి ఎమిలియోన్ అనే సన్యాసి వచ్చి ఇక్కడి గుహలో ప్రార్థన చేసుకొంటూ బ్రతికాడని చెప్తారు. ఆయన పేరే ఊరికి వచ్చింది. తరువాత పన్నెండవ శతాబ్దపు ఆరంభములో ఆ కొండను తొలిచి, ఒక రాయి తెచ్చి పేర్చకుండా, ముప్పై ఎనిమిది మీటర్ల పొడవైన దేవాలయము చేశారు. లోపలికి గైడుతోనే వెళ్లాలి. చీకటి, తేమ వాసన, మనిషి చుట్టూ చేతులు చాచినా అందని స్తంభాలు. దాని నెత్తిమీద అరవై ఎనిమిది మీటర్ల గంటగోపురము కట్టారు. క్రింద బోలు, పైన కొండంత బరువు! నీరు చేరి స్తంభాలు నలుగుతున్నందున వాటికి ఇనుప పట్టీలు బిగించి కాపాడుతున్నారు. ఆ పట్టీలను చూచి నిలబడి పోయాము. పునాదిని తొలిచి లోపల ఆలయము చేసి, దానిమీదనే గోపురము కట్టుట బుద్ధిమంతుల పనా కాదా అని మా శ్రీమతి అడిగింది. తొమ్మిది వందల ఏండ్లు నిలిచింది గదా అన్నాము.

సన్యాసి కూర్చున్న రాతి ఆసనమని ఒకటి చూపిస్తారు. పిల్లలు లేని స్త్రీలు దానిమీద కూర్చుంటే గర్భము ధరిస్తారని అక్కడివారి నమ్మిక. మన ఊళ్లలో చెట్లకు ఉయ్యాలలు కట్టే అమ్మలు జ్ఞాపకము వచ్చారు. కడుపుకోత ఏ దేశములోనైనా ఒక్కటే.

ఆ సొరంగాలు మనుష్యులను కూడ దాచాయి. ఫ్రెంచి విప్లవపు రోజులలో, 1793లో, ప్రాణభయముతో పారిపోయి వచ్చిన జిరోండిన్ నాయకులను బుకే అనే ఇల్లాలు తన ఇంటి బావిలో నుండి దారి ఉన్న గుహలో దాచి అన్నము పెట్టింది. 1794లో ఆమెను కూడ బోర్డోలో గిలోటిను క్రింద చంపారు.

ఇక తోట సంగతి. ఊరికి ఆవల, కొండపైన చదునుగా ఉన్న భాగములో ఒక కుటుంబపు చిన్న తోటకు ఇంజనీరు ముందే మాట్లాడి పెట్టాడు. డెబ్బై దాటిన పెద్దాయన, చేతులు మన రైతుల చేతులే. ద్రాక్షకోత జరుగుతున్నది. మెర్లో అనే రకము కోత అయిపోయి, కబెర్నే ఫ్రాన్ అనే రకము కోస్తున్నారు. ఆ ఊరిలో దాన్ని బూషే అంటారు. చిన్న గింజంత పండు, నల్లని మందపు తోలు, లోపల విత్తనాలు.

ఆయన మమ్మును ఒక వరుస దగ్గరకు తీసుకొనిపోయి కాలితో మన్ను ప్రక్కకు నెట్టాడు. జానెడు, మూరెడు లోతున తెల్లటి రాయి తగిలింది. ఒక ముక్క తీసి చేతిలో పెట్టాడు. దాని నిండా గవ్వల అచ్చులు. ఇది ఒకప్పుడు సముద్రపు అడుగు. మూడు కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రజీవుల పెంకులు, నక్షత్రచేపల ముక్కలు పేరుకొని గట్టిపడి రాయి అయినవని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. అందుకే దీనిని నక్షత్రచేపల సున్నపురాయి అంటారు.

"నీళ్లు ఎన్నిసార్లు కడతారు?" అని అడిగాము. ఆయన నవ్వాడు. కాపుకు వచ్చిన చెట్లకు నీరు పెట్టరాదని అక్కడి నియమము. పెట్టనక్కరలేదు కూడ. ఈ సున్నపురాయి స్పాంజివంటిది. చలికాలపు వానను త్రాగి దాచుకొంటుంది. ఎండలు కాసినప్పుడు దీపములో వత్తి నూనెను పైకి లాగినట్లు, రాయి నీటిని కొంచెము కొంచెముగా పైకి అందిస్తుంది. ముసలిచెట్టు వేళ్లు పగుళ్లలో దూరి ఆ తడిని వెతుక్కొంటాయి. చెట్టుకు దాహము తీరీ తీరకుండ ఉంటుంది. ఆకు దుబ్బుగా పెరగదు, పండు పెద్దది కాదు, తోలు మందమవుతుంది. బోర్డో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ నీటి సంగతినే ముఖ్యముగా పరిశోధించారు. రాతి రుచి వేరుగుండా పండులోకి పాకుతుందని కొందరు అనుకొంటారు, అది నిజము కాదు.

క్రింద సొరంగములో దీపము ఎత్తి పైకప్పు చూపించాడు. రాతి పగులులోనుండి సన్నని వేళ్లు దారాల్లాగ వ్రేలాడుతున్నాయి. మేము పైన నిలబడి చూచిన చెట్ల వేళ్లే! యెషయా గ్రంథములో తోటలోని రాళ్లు ఏరివేసిన యజమానుని గూర్చి చెప్పినప్పుడల్లా, రాయి అంటే పాపము అని ఒకే అర్థము చెప్పేవారము. ఏరి పారవేయవలసిన రాయి ఒకటి, నీళ్లకుండగా క్రింద ఉండవలసిన రాయి ఒకటి అని ఆ సొరంగములో తెలిసింది.

"మరి సారవంతమైన నేల?" అని అడిగాము. అది క్రింద దోర్దోన్ నది ప్రక్కన ఉన్నదట. అక్కడ కాపు ఎక్కువ, వెల తక్కువ. ఇక్కడ చలికాలములో ఒకటి రెండు కొమ్మలు మాత్రము ఉంచి తక్కినవన్నీ కోసివేస్తారు. వేసవిలో గుత్తులు ఎక్కువగా కనబడితే పచ్చిగా ఉండగానే కొన్ని కోసి నేలను పడవేస్తారు. హెక్టారుకు ఐదారు వేల చెట్లు, ఇంచుమించు చెట్టుకు ఒక సీసా. గుత్తులు ఎన్ని అని లెక్కపెట్టి మా సంఘస్థులను కొలిచిన ప్రసంగాలు ఒకటొకటిగా గుర్తుకు వచ్చాయి.

అయితే ఆ చెట్టు వేరు ఫ్రాన్సుది కాదు. ఇది విని మేము ఆశ్చర్యపోయాము. 1860లలో అమెరికా నుండి ఫైలోక్సెరా అనే కంటికి ఆనని పేనువంటి పురుగు వచ్చి ఫ్రాన్సు ద్రాక్ష వేళ్లను తిని తోటలను ఎండబెట్టింది. అమెరికా అడవి ద్రాక్ష వేళ్లు ఆ పురుగును తట్టుకొంటాయి గనుక వాటిమీద ఫ్రెంచి కొమ్మను అంటుకట్టారు. కాని సున్నపునేలలో చాలా అమెరికా వేళ్లు ఇనుము అందక ఆకు పసుపుపచ్చబడి కృశించిపోయాయి. మన సున్నపునేలలలో బత్తాయి ఆకు తెల్లబడినట్లే. అప్పుడు 1887లో పియేర్ వియాలా అనే పండితుని అమెరికాకు పంపారు. టెక్సాస్ రాష్ట్రములో టి.వి. మన్సన్ అనే ద్రాక్ష పండితుడు సున్నపుకొండలలో పెరిగే అడవి ద్రాక్షను చూపించాడు. బెర్లాండియేరి అని దాని పేరు. 1888లో ఫ్రాన్సు ప్రభుత్వము మన్సన్‌ను బిరుదుతో సన్మానించింది. ఆ అడవి ద్రాక్ష కొమ్మ గుచ్చితే త్వరగా వేరు పట్టదు గనుక వేరే ద్రాక్షతో సంకరము చేసి వాడుకొన్నారు. ఈ రోజు సున్నపురాతిని పట్టుకొని నిలిచిన ఫ్రెంచి చెట్ల క్రింద ఉన్నది ఆ టెక్సాస్ రక్తమే. రోమీయులకు వ్రాసిన పత్రికలో అంటుకట్టుట గూర్చి చదివేవారు ఈ సంగతిని మరచిపోలేరు.

అలాంటి సంకరములలో ఒకటి చేసినవాడు బోర్డో విశ్వవిద్యాలయములోని మిలార్దె అనే ఆచార్యుడు. ఆయన పేరు తెలియకపోయినా ఆయన మందు మన రైతులందరికీ తెలుసు. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మచెట్ల మొదళ్లకు నీలిరంగు పూత పూస్తారే, బోర్డో పేస్టు! మైలుతుత్తము, సున్నము కలిపిన ఆ బోర్డో మిశ్రమము ఈ ప్రాంతములోనే పుట్టింది. దారిన పోయేవారు పండ్లు కోసుకొనకుండా అసహ్యము పుట్టించుటకు రోడ్డు ప్రక్క చెట్లమీద రైతులు ఈ రెండూ కలిపి చల్లేవారు. ఆ చెట్లకు బూజు తెగులు రాలేదని మిలార్దె గమనించి, ప్రయోగాలు చేసి, 1885లో ప్రకటించాడు. దొంగల కొరకు వేసిన మందు తెగులును పోగొట్టింది. పిచికారి చేసి చేసి నీలిబడిన తన పాత టోపీని పెద్దాయన చూపించగా, మా చిన్నప్పుడు నిమ్మతోటలో మేము చేసిన కూలి గుర్తుకు వచ్చింది. 2023లో కూడ ఆ బూజు తెగులు మెర్లోను బాగా దెబ్బతీసిందట.

చెట్ల వయస్సు అడిగాము. 1956 ఫిబ్రవరిలో ఘోరమైన మంచు పడి ఈ ప్రాంతములో లెక్కలేనన్ని ద్రాక్షచెట్లు చచ్చిపోయాయి. వాళ్ల నాన్న ఆ మరుసటి ఏడాది తిరిగి నాటాడు. నాలుగు వరుసలు మాత్రము మంచును తట్టుకొని బ్రతికాయి, అవి తాత నాటినవి. వాటి కాపు మిగతావాటిలో సగము కూడ లేదు. "మరి తీసివేయరా?" అన్నాము. కొడుకు కూడ అదే అంటున్నాడట. బోర్డోలో ఉద్యోగము, తోట వద్దంటున్నాడు. ఫ్రాన్సులో ఎర్ర ద్రాక్షామద్యము త్రాగేవారు తగ్గిపోయి, చుట్టుప్రక్కల రైతులు అప్పులలో ఉన్నారు. 2023లో తోటలు పెరికివేసేవారికి హెక్టారుకు 6,000 యూరోలు ఇచ్చే పథకము పెట్టారు. పత్తి, మిరప వేసి నష్టపోయిన మనవాళ్ల మాటలే ఫ్రెంచి భాషలో వింటున్నట్లు అనిపించింది. ఇంజనీరు తెలుగులో చెప్పకముందే ఆయన ముఖము చూచి సగము అర్థమైంది.

ఊరికి దక్షిణాన కొండ అంచున షతో ఓజోన్ అనే ప్రసిద్ధమైన తోట ఉంది. ఓజోన్ అంటే ఆకాశములోని వాయువు కాదు, ఔసోనియస్ అనే నాలుగవ శతాబ్దపు లాటిను కవి పేరు. బోర్డోవాడు, గ్రాటియన్ చక్రవర్తికి గురువు, 379లో రోమా సామ్రాజ్యానికి కాన్సులు. ఆయన తోట ఇక్కడే ఉండేదని ఊరివారి నమ్మిక, రుజువు లేదు. ఆయన శిష్యుడు పౌలినుస్ కూడ బోర్డోలో గొప్ప ఆస్తిపరుడు. ప్రభువు కొరకు ఆస్తి పంచిపెట్టి ఇటలీలోని నోలా పట్టణానికి వెళ్లిపోయాడు. తిరిగి రమ్మని ముసలి గురువు ఉత్తరాలమీద ఉత్తరాలు వ్రాశాడు. శిష్యుడు రాలేదు. ఆ తోట పదిహేడు ఎకరాలే. సగానికి పైగా బూషే, ముసలిచెట్లు, సున్నపురాతి సొరంగములో పీపాలు. మేము గోడ బయట నుండే చూచాము. ఊరి అంగడిలో దాని సీసా వెల చూస్తే వందల యూరోలు. ఆ డబ్బుతో మా ఊరిలో ఒక కుటుంబము కొన్ని నెలలు గడుపుకొనవచ్చు.

అంత వెల ఎందుకని పెద్దాయననే అడిగాము. ఆయన బూషే పండు ఒకటి మా నోట పెట్టుకొమ్మన్నాడు. మొదట తీపి. తోలు నమిలేసరికి పచ్చి కరక్కాయ కొరికినట్లు వగరు, నాలుక పిడచకట్టింది. ఆ వగరే దాని ఆయుష్షు. పండును తోలుతో సహా పులియబెట్టి, 225 లీటర్ల ఓకు చెక్క పీపాలలో ఏడాదికి పైగా ఉంచి, సీసాలకు ఎత్తి, చీకటిలో పడుకోబెడతారు. కొత్తలో నోట పెట్టలేనంత వగరు. ఏండ్లు గడిచేకొద్దీ ఆ వగరు తనలో తాను ముడిపడి అడుగున మడ్డిగా దిగుతుంది. నల్లని ఎరుపు ఇటుకరంగుకు తిరుగుతుంది. ఎండుటాకు, పొగాకు వాసనలు వస్తాయని ఆయన చెప్పాడు. మేము రుచి చూడలేదు గనుక ఆయన మాటే వ్రాస్తున్నాము. మంచి ఏడాది సీసాకు ఇరవై, ముప్పై, ఒక్కొక్కప్పుడు యాభై ఏండ్లు పడుతుందట. నాటినవాడు ఒకడు, కోసినవాడు ఒకడు, తెరిచేవాడు మరొకడు.

"మీరు ఏ సంవత్సరములో పుట్టారు?" అని హఠాత్తుగా అడిగాడు. 1982 అన్నాము. ఆయన కన్నులు వెలిగాయి. 1982 బోర్డోకు చాలా గొప్ప సంవత్సరమట. ఏమీ చెప్పకుండా సొరంగములోకి వెళ్లి, దుమ్ము పట్టిన ఒక సీసా రెండు చేతులతో, పసిబిడ్డను తెచ్చినట్లు తెచ్చాడు. వాళ్ల నాన్న చేసినది, ఇక మూడే మిగిలాయట. మూత తీయుటకు మర తీశాడు. ఇంజనీరు ముఖము పాలిపోయింది. మాకు చెమటలు పట్టాయి.

త్రాగమని చెప్పుట ఒక్క మాటే. కాని ఎందుకు త్రాగమో చెప్పకపోతే ఆ పెద్దాయనను అవమానపరచినట్లే అనిపించింది. మా నాయన సంగతి చెప్పాము. పాకెట్లు, మట్టెలు, అన్నీ. తెలుగులో మేము చెప్పుట, ఫ్రెంచిలో పిల్లవాడు చెప్పుట. మధ్యలో ఒకచోట పిల్లవాని గొంతు ఆగిపోయింది. వాడికీ ఈ సంగతి తెలియదు.

పెద్దాయన మరను బల్లమీద పెట్టాడు. సీసాను గుడ్డతో తుడిచాడు. "అయితే ఇది ఇంకా కొన్నాళ్లు ఉంటుంది" అన్నాడు. కోపము లేదు. బయటకు వెళ్లి తాత నాటిన వరుసలో ఒక బూషే గుత్తి కోసి మా శ్రీమతి చేతులలో పెట్టాడు. ఆయన భార్య ఒక పళ్లెములో మకారోన్లు తెచ్చింది. బాదంపప్పు, గుడ్డు తెల్లసొన, చక్కెరతో చేసే ఈ మెత్తని బిళ్లలను 1620లో ఊరి కన్యాస్త్రీలు మొదలుపెట్టారట. ఆమె పళ్లెము బల్లమీద పెట్టి, తలుపు దగ్గర నిలువబడి కొంతసేపు మా మాటలు విన్నది. ఏమీ అనలేదు. తరువాత లోపలికి వెళ్లిపోయింది.

రైలులో ఇంజనీరు తన ఫోనులో కొన్ని లెక్కలు చూపించాడు. 2015లో ఫ్రాన్సులో త్రాగుడువలన సుమారు 41,000 మంది చనిపోయారని అక్కడి ప్రజారోగ్య సంస్థ తేల్చింది. పద్నాలుగేండ్ల లోపు బడిపిల్లలకు మధ్యాహ్న భోజనముతో ద్రాక్షామద్యము ఇవ్వరాదని ఉత్తర్వు వచ్చినది 1956లో మాత్రమే, అంటే ఆ మంచు పడిన ఏడాదే. మద్యపు ప్రకటనలకు కళ్లెము వేసిన చట్టము 1991లో వచ్చింది. మేము ఆ అందమైన ఊరిని, ఈ లెక్కలను ఒకే ఒడిలో పెట్టుకొని కూర్చున్నాము. ఆ ముసలి రైతు పాపి అని అనలేకపోయాము. మా నాయనను చంపినది ఇది కాదులే అని కూడ అనలేకపోయాము.

ఇంటికి వచ్చాక అమ్మను చూడబోయాము. అమ్మ అరుగుమీద చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నది. గవ్వల అచ్చులున్న ఆ రాతిముక్కను ఆమె చేతిలో పెట్టి జరిగినదంతా చెప్పాము. రాతిలో వేళ్లు, టెక్సాస్ అంటు, 1982 సీసా. అమ్మ రాతిని అటూ ఇటూ త్రిప్పి చూచింది.

"తాగితివా అబ్బయ్యా?"

"లేదమ్మా."

"మంచిది. మరి ఆడ ఆడోళ్లు ఏమంటారు ఆ తోటల గురించి? అడిగితివా?"

తలుపు దగ్గర నిలువబడిన ఆ ఇల్లాలు గుర్తుకు వచ్చింది. అడగలేదని చెప్పాము. అమ్మ రాయిని ప్రక్కన పెట్టి మళ్లీ చింతపండు చేతిలోకి తీసుకొన్నది.